ఫండింగ్ సంస్థలకు, టూల్‌కిట్లు రాసే పెద్ద ఎన్జీవోలకు బహిరంగ లేఖ: ఊరి లెక్క ఊరికి తిరిగి రావాలి

గౌరవనీయులైన సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) హెడ్‌లకు, ఫౌండేషన్ల ప్రోగ్రాం మేనేజర్లకు, మాలాంటి వాళ్ళకి ట్రైనింగ్‌లు ఇచ్చే పెద్ద సంస్థల వాళ్ళకి,

నమస్కారం. మేం అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో మండల స్థాయిలో పనిచేసే చిన్న సంస్థల ఫీల్డ్ వర్కర్లం. మాలో కొందరికి రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను మినహాయింపుల 12ఏ, 80జీ అన్నీ ఉన్నాయి, కొందరివి ఉత్త సంఘాలే. మీరిచ్చిన డబ్బుతో ఊళ్ళలో పనులు జరిగాయి, కాదనం. కానీ ఇప్పుడు రాయబోయేవన్నీ మీకు ఇంతకుముందే చెప్పినవే. ఒక పెద్ద సంస్థ పెట్టిన వర్క్‌షాప్‌లో ఆఖరి గంటలో ఫీడ్‌బ్యాక్ అడిగితే నోటితో చెప్పాం, తర్వాత అందరం సంతకాలు పెట్టి ఉత్తరం పంపాం, మెయిల్ కూడా పెట్టాం. "నోట్ చేసుకున్నాం, థ్యాంక్స్" అని జవాబొచ్చింది. కొన్ని నెలలకి వాళ్ళ పాత టూల్‌కిట్టే (ఊళ్ళో పని ఎట్లా చెయ్యాలో, లెక్క ఎట్లా తియ్యాలో చెప్పే పాఠాలు, ఫారాల కట్ట) కొత్త కవర్ వేసుకుని మళ్ళీ వచ్చింది, లోపల అక్షరం మారలేదు. అందుకే ఈసారి నలుగురికీ కనపడేలా రాస్తున్నాం.

మొదట ఒక అపార్థం తీసేద్దాం. మేం టూల్స్ అంటే పడని వాళ్ళం కాదు, "ఫీల్డ్‌లో అనుభవమే చాలు, ఈ ఫార్మాట్లు ఎందుకు" అనే రకం కూడా కాదు. లెక్క లేకుండా, పద్ధతి లేకుండా మార్పు రాదని మీకంటే మాకే బాగా తెలుసు, ఎందుకంటే లెక్క లేనిచోట మోసపోయేది మా జనమే. మా గొడవల్లా ఆ లెక్క ఎవరి చేతిలో ఉంటోంది అన్నదాని గురించే.

అసలు మన దగ్గర పనిచేసిన పద్ధతులు ఎట్లా పనిచేశాయో ఒకసారి చూడండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం కింద రాత్రి బళ్ళు నడిచాయి, ఆ వాచకాల్లో సారా వల్ల ఇల్లు గుల్లయ్యే ఆడమనిషి కథ పాఠంగా ఉంది. పాఠం చదివిన ఆడవాళ్ళు అది తమ ఇంటి సంగతే అనుకున్నారు, సారా కొట్టు మూయించారు, ఆ వేడి జిల్లా అంతా పాకి సారా వేలంపాటలకే అడ్డం పడ్డారు, చివరికి 1993 అక్టోబర్ నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత మందు సంగతి ఏమైందో అందరికీ తెలుసు లెండి, అది వేరే కథ. ఇక్కడ చూడాల్సింది ఏంటంటే ఆ వాచకం కూడా ఒక టూల్‌కిట్టే. తెలుగులో ఉంది, వాళ్ళ బతుకు లోంచి వచ్చింది, దాన్ని చదివాక ఏం చెయ్యాలో పైనుంచి ఎవరూ చెప్పలేదు.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు 1994లో కోట్ కిరానా అనే ఊళ్ళో మొదటి జన సున్‌వాయీ, అంటే జనం ముందు విచారణ సభ, పెట్టారు. పద్ధతి చాలా సింపుల్. పంచాయతీ పనుల కాగితాలు తెచ్చి, ఊరి జనం ముందు మైకులో చదవడం. ఫలానా పనికి ఫలానా వాళ్ళు కూలికి వచ్చారు అని కాగితంలో ఉంటే, ఆ మనిషి అక్కడే కూర్చుని ఉంటాడు, "నేను రాలేదు" అంటాడు. సమాచార హక్కు కోసం జరిగిన పోరాటానికి ఈ సభలే ఊపిరి పోశాయి, 2005లో చట్టం వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో సోషల్ ఆడిట్‌ని, అంటే పనుల లెక్కని ఊరి జనమే తనిఖీ చెయ్యడాన్ని, రాసిపెట్టింది. ఆ పథకం దేశం మొత్తానికి మొదలైంది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సోషల్ ఆడిట్‌ని ఒక సంస్థగా నిలబెట్టి నడిపిన రాష్ట్రం, కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), ఎం-బుక్కులు (పని కొలతల పుస్తకాలు) చేతికిచ్చి ఇంటింటికీ పంపారు, ఊళ్ళో గ్రామసభ, తర్వాత మండలంలో ప్రజావేదిక. అన్నిచోట్లా బాగా జరిగింది అనం, తిన్న డబ్బు రికవరీ దగ్గర చాలా వరకు చతికిలబడింది. కానీ పదో క్లాసు చదివిన కూలోళ్ళ అమ్మాయి ఇంజినీరు రాసిన కొలతని టేపు పెట్టి తప్పు అని చూపించగలిగింది కదా, ఆ ధైర్యం ఏ పవర్‌పాయింట్ ఇస్తుంది చెప్పండి?

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2000ల్లో రాయలసీమ, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం లాంటి కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలు కొలిచే ప్రాజెక్ట్ ఒకటి నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవాళ్ళు. ఊళ్ళో వానమాపకం పెట్టి రోజూ రీడింగ్ తీసేవాళ్ళు. పదిహేను రోజులకోసారి బోరులోకి టేపు వదిలేవాళ్ళు, నీళ్ళు తగలగానే అది బీప్ అంటుంది, అప్పుడు టేపు మీద అంకె చూసి పుస్తకంలో ఎక్కించి, ఊరి మధ్యలో గోడ మీద బోర్డులో రాసేవాళ్ళు. రబీ ముందు అందరూ కూర్చుని, వానకి ఇంత నీరు లోపలికి దిగింది, మనం వెయ్యాలనుకున్న పంటలకి ఇంత కావాలి, తేడా ఇంత అని పంటల నీటి బడ్జెట్ వేసుకునేవాళ్ళు. నువ్వు వరి వెయ్యద్దు అని ఎవరూ ఆర్డర్ వెయ్యలేదు. గోడ మీద అంకె చూసి ఎవరి లెక్క వాళ్ళు చూసుకున్నారు, వరి తగ్గించిన వాళ్ళు తగ్గించారు. బడికి పోని రైతు కూడా "పోయిన పక్షం కంటే ఇంత దిగింది" అని చెప్పేవాడు.

జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళ సంఘం రేడియో 2008 నుంచి నడుస్తోంది, వాళ్ళలో కెమెరా పట్టినవాళ్ళు షాట్లకి కూడా పటేల్ షాట్, సంఘం షాట్ అని సొంత పేర్లు పెట్టుకున్నారు. ముగ్గుపిండితో ఊరి మ్యాపు వేయించడం, చింతపిక్కలు పెట్టించి ఏ సమస్య పెద్దదో తేల్చడం లాంటి పీఆర్ఏ (ఊరి జనమే తమ ఊరి పరిస్థితి అంచనా వేసుకునే) పద్ధతులు మీ టూల్‌కిట్లలో మొదటి చాప్టర్‌లోనే ఉంటాయి. వాటిని ప్రపంచానికి పరిచయం చేసిన రాబర్ట్ చాంబర్స్ 1989 నుంచి రెండేళ్ళు హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలోనే ఉన్నాడు, ఈ దేశంలో ఊళ్ళు తిరిగి నేర్చుకున్నాడు. అంటే మన ఊళ్ళలో పెరిగిన పద్ధతులే ఇప్పుడు ఇంగ్లీషు పీడీఎఫ్ అయ్యి, ఒక ట్రైనర్ ఫీజుతో కలిపి మాకే తిరిగొస్తున్నాయి. నవ్వాలో ఏడవాలో తెలీదు.

పైవాటన్నిట్లో ఉన్నది, మీరు పంపే వాటిలో లేనిది ఒక్కటే. వాటిల్లో లెక్క తీసినవాళ్ళ దగ్గరే లెక్క ఉండేది. ఇప్పుడు మా చేత ట్యాబ్‌లో కొట్టిస్తారు, అది సర్వర్‌లోకి పోతుంది, అక్కడినుంచి అంకెలు, రంగులు చూపించే మీ డ్యాష్‌బోర్డ్ స్క్రీన్‌లోకి, అక్కడినుంచి మీ యాన్యువల్ రిపోర్టులోకి. కొలతలు తీసుకుని పోయిన టైలర్ మళ్ళీ ఆ వీధికే రానట్టు ఉంటుంది మా జనానికి. మళ్ళీ ఏడాది ఇంకో టైలర్, మళ్ళీ కొలతలు.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో ఒక్కొక్కటిగా చెప్తాం.

1. తప్పుడు లెక్క తయారవుతోంది, ఆ లెక్కతో మనుషులు జారిపోతున్నారు. ప్రాజెక్ట్ మొదట్లో చేసే మీ బేస్‌లైన్ సర్వేలో "నెలసరి ఆదాయం" అని ఒక డబ్బా ఉంటుంది, నింపకపోతే ముందుకి పోదు, సున్నా కొడితే ఎర్రగా అవుతుంది. శెనక్కాయ రైతుకి నెలసరి ఆదాయం ఏంటండీ? పంట వస్తే ఏడాదికి ఒకసారి డబ్బు కనపడుతుంది, రాకపోతే అప్పు. భర్త పోయిన ఒక అక్క గొర్రెలు మేపుకుంటూ ఉంటుంది, ఆమెని అడిగితే "నెలకి ఎంతని చెప్పేది నాయనా, పండగకి రెండు గొర్రె పిల్లల్ని అమ్మితే అదే" అంటుంది. సర్వే చేసే కుర్రాడు బయట ఎండలో నిలబడి ఇంకా ఇరవై ఇళ్ళు ఉన్నాయని ఏదో ఒక అంకె కొడతాడు. తర్వాత ప్రశ్న "ఇంటి పెద్ద", తర్వాత ఓటీపీ. ఆమెకి సొంత ఫోన్ లేదు, మరిది నెంబర్ ఇస్తుంది, మరిది బెంగళూరులో ఉంటాడు, ఓటీపీ చెప్పేలోపు టైం అయిపోతుంది. ఆ ఇల్లు "ఇన్‌కంప్లీట్" కింద పోతుంది. ఇన్‌కంప్లీట్ ఇళ్ళన్నీ చివర్లో తీసేస్తారు. ఊళ్ళో అందరికంటే ముందు సాయం అందాల్సిన ఇల్లు మీ లిస్టులోనే ఉండదు, పైగా కుర్రాడు కొట్టిన ఆ ఏదో ఒక అంకెల సగటు తీసి ఆదాయం పెరిగిందని గ్రాఫ్ వేస్తారు.

2. సర్వేలు వచ్చే టైం. ఆర్థిక సంవత్సరం అయిపోవస్తోందని జనవరి నుంచి మార్చి లోపు హడావిడిగా సర్వేలు పెడతారు. సరిగ్గా అప్పుడే మా ఊళ్ళలో సగం ఇళ్ళకి తాళాలు ఉంటాయి, బెంగళూరు కట్టడం పనులకో, కేరళకో పోయి ఉంటారు. తాళం వేసిన ఇల్లంటే "అందుబాటులో లేరు". వలస పోయేవాళ్ళ కోసమే పెట్టిన ప్రోగ్రాంలో వలస పోయినవాళ్ళ పేర్లు లేకపోవడం మేం కళ్ళారా చూశాం.

3. భాష. దీని గురించి మాట్లాడితే "లాంగ్వేజ్ సెంటిమెంట్" అని తీసిపారేస్తారు, సెంటిమెంట్ కాదు ఇది. మా పొదుపు సంఘాల్లో బుక్ కీపింగ్ చేసే ఆడవాళ్ళు ఉన్నారు, పొదుపు, అప్పు, వడ్డీ, ఓవర్‌డ్యూ అన్నీ తెలుగులో పైసాతో సహా రాస్తారు, ఆడిట్ వస్తే ఒక్క తేడా దొరకదు. అదే మనిషిని మీ రెండు రోజుల ట్రైనింగ్‌కి పంపితే, "థియరీ ఆఫ్ చేంజ్", "అవుట్‌పుట్‌కి అవుట్‌కమ్‌కి తేడా ఏంటి" అని ఇంగ్లీషు స్లైడ్స్ చూపిస్తే ఆమె తెలివితక్కువది అయిపోతుంది. మూడో నెలకి ఆమె స్థానంలో టౌన్ నుంచి డిగ్రీ కుర్రాడు వస్తాడు. కుర్రాడు మంచోడే, కానీ ఏ ఇంట్లో తాగి కొడతారో, ఏ ఇంట్లో ఆడపిల్లని బడి మాన్పించారో వాడికి ఎవరూ చెప్పరు, ఆమెకి చెప్తారు. ఒకవేళ తెలుగు చేసినా అది ఎట్లా ఉంటుందంటే మెషిన్‌లో వేసి తీసినట్టు ఉంటుంది, లేదంటే డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో కొట్టించి ఇస్తారు, ఫైల్ మా ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతలు.

4. నిజం చెప్పిన సంస్థకి శిక్ష పడుతోంది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీలో మంచివాళ్ళు కూడా ఇక్కడే పొరబడుతున్నారు. బాల్య వివాహాల మీద పని మొదలుపెట్టామనుకోండి. మొదటి ఏడాది ఏమవుతుంది? కేసులు పెరుగుతాయి. అంతకుముందు కూడా పెళ్ళిళ్ళు జరిగేవి, ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, ఇప్పుడు మా మీద నమ్మకం కుదిరి టీచరమ్మో, అంగన్‌వాడీ టీచరో, కొన్నిసార్లు ఆ పిల్లే స్వయంగానో ఫోన్ చేస్తుంది. అంటే పని జరుగుతోందని అర్థం. కానీ మీ డ్యాష్‌బోర్డ్‌లో ఆ అంకె పెరిగితే ఎర్ర రంగు. రివ్యూ మీటింగ్‌లో "మీ క్లస్టర్ ఎందుకు వెనకపడింది" అని అడుగుతారు. పక్క మండలంలో పని చెయ్యని సంస్థకి సున్నా కేసులు, పచ్చ రంగు, శాలువా. రెండో ఏడాది నుంచి అందరూ తెలివి నేర్చుకుంటారు, ఫోన్ వస్తే రాసుకోరు. రాసుకోకపోతే ఆ పిల్ల కోసం ఎవరూ బండి తియ్యరు. ఒక రంగు మార్చడం కోసం ఒక పిల్ల చదువు పోతుంది, మేం పెంచి చెప్పట్లేదు.

5. డబ్బు లెక్క. "రూల్ ప్రకారం అడ్మిన్ ఖర్చు 5 శాతమే, మీ ఫీల్డ్ వర్కర్ జీతం అందులో పట్టదు" అని మాకు చాలాసార్లు చెప్పారు. రూల్ మేం కూడా చదివాం. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద ఉన్న సీఎస్‌ఆర్ రూల్స్‌లో 5 శాతం పరిమితి అనేది కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నడుపుకోవడానికి పెట్టుకునే సాధారణ పరిపాలన ఖర్చుకి. ఒక ప్రాజెక్ట్ డిజైన్‌కి, అమలుకి, పర్యవేక్షణకి, మూల్యాంకనానికి నేరుగా అయ్యే ఖర్చు ఆ లెక్కలోకి రాదని ఆ నిర్వచనంలోనే ఉంది. ఊరూరూ తిరిగే మనిషి జీతం అమలు ఖర్చు కాకపోతే ఇంకేంటి? ఇంకోపక్క ఇంపాక్ట్ అసెస్‌మెంట్‌కి (ప్రాజెక్ట్ వల్ల మార్పు వచ్చిందా అని కొలవడానికి) చూడండి, మూడేళ్ళ సగటు సీఎస్‌ఆర్ బాధ్యత 10 కోట్లు, అంతకుపైన ఉన్న కంపెనీ, కోటి, అంతకుపైన ఖర్చుతో చేసిన ప్రాజెక్టులకి బయటి ఏజెన్సీతో చేయించాలి, దానికి ఆ ఏడాది సీఎస్‌ఆర్ ఖర్చులో 2 శాతం లేదా 50 లక్షలు, ఏది ఎక్కువైతే అంతవరకు సీఎస్‌ఆర్ కింద చూపించుకోవచ్చు. కొలిచేవాడికి విమానం టికెట్ ఉంది, చేసేవాడికి పెట్రోల్ లేదు. ఒకే ఏడాది ప్రాజెక్ట్ ఇచ్చి, రెన్యూవల్‌కి మూడు నాలుగు నెలలు ఆపితే, ఆ గ్యాప్‌లో వర్కర్ వేరే పని చూసుకుంటాడు, బడిలో మళ్ళీ చేర్పించిన పిల్లలు మళ్ళీ పనికి పోతారు. ఆ పిల్లల్ని రెండోసారి బడికి తీసుకురావడం మొదటిసారి కంటే కష్టం, తల్లిదండ్రులు "అప్పుడూ ఇట్లాగే చెప్పి మాయమయ్యారు కదా" అంటారు. 2020లో ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) సవరణ వచ్చాక విదేశీ నిధులు తీసుకున్న పెద్ద సంస్థ వాటిని మాలాంటి చిన్న సంస్థకి ఇవ్వడానికి లేదు, పరిపాలన ఖర్చు పరిమితి కూడా 50 నుంచి 20 శాతానికి పడిపోయింది. ఆ దారి మూసుకుపోయింది కాబట్టి మీ మీదే ఆధారం, అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాం.

6. ఫోటోలు, వివరాలు. కొట్టించుకుని పుట్టింటికి వచ్చిన అమ్మాయి ఫోటో, ఊరి పేరుతో సహా, మీ సోషల్ మీడియా పేజీలో చూశాం. సంతకం ఉందన్నారు. సంతకం పెట్టిన కాగితం ఇంగ్లీషులో ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం 8వ షెడ్యూలులో ఉన్న ఏ భాషలోనైనా గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ అమ్మాయి మళ్ళీ అదే బస్సు ఎక్కాలి, అదే సంతకి పోవాలి.

7. విసుగు. "మళ్ళీ రాసుకోవడానికి వచ్చారా" అని తలుపు వేస్తున్నారు. నిజంగా పని ఉండి పోయినప్పుడు కూడా.

ఇవీ సంగతులు. ఇక మేం అడిగేవి. దాదాపు అన్నీ మీ ఆఫీసులో ఒక మీటింగ్‌తో తేలిపోయేవే, కొత్తగా కోట్లు అడగట్లేదు.

1. ఫార్మాట్, సర్వే, సమ్మతి పత్రం, ట్రైనింగ్ మెటీరియల్ ఏదైనా ముందు తెలుగులో తయారవ్వాలి, ఫీల్డ్ వర్కర్లు ఇద్దరు ముగ్గురు కూర్చుని చదివి, ఊళ్ళో ఒక పది ఇళ్ళలో వాడి చూశాకే ఫైనల్ చెయ్యాలి. ఏ ఫోన్‌లోనైనా తెలుగు సరిగ్గా కనపడేలా యూనికోడ్‌లో ఉండాలి. టెక్నికల్‌గా కుదరదు అనద్దు, ఫోన్‌లో సర్వేలు నింపే కోబో టూల్‌బాక్స్ లాంటి వాటిలో ఫారం ఎక్సెల్ షీట్‌లో తెలుగు కోసం ఒక కాలమ్ పెడితే ప్రశ్నలన్నీ తెలుగులో వస్తాయి, నెట్ లేకపోయినా నింపొచ్చు, సిగ్నల్ దొరికినప్పుడు పంపొచ్చు. మాలో కొందరు చేసుకుంటున్నారు కూడా. ప్రతి ప్రశ్నకీ "తెలీదు", "చెప్పడం ఇష్టం లేదు", "వర్తించదు" అనే మూడు జవాబులు ఉండాలి, ఓటీపీ తప్పనిసరి తీసెయ్యాలి.

2. ఏ ఊళ్ళో సమాచారం తీసుకుంటే ఆ ఊరికి నెలా రెండు నెలల్లో ఫలితం తిరిగి రావాలి. పెద్ద రిపోర్ట్ అక్కర్లేదు, ఒక్క పేజీ, పెద్ద అక్షరాలు, గ్రామసభలో చదివి పంచాయతీ గోడకి అంటించేలా. ఇళ్ళ పేర్లు, సొంత వివరాలు అందులో ఉండకూడదు, ఊరి మొత్తం అంకెలు చాలు. ముడి డేటా మీద మా సంస్థకి కూడా మీతో సమానంగా హక్కు ఉందని ఒప్పందంలో రాయాలి. ఇప్పుడు ప్రాజెక్ట్ అయిపోయిన రోజు మా లాగిన్ ఆగిపోతుంది, మేం తిరిగి తెచ్చిన లెక్క మేమే చూసుకోలేం.

3. ఫీల్డ్ వర్కర్ల జీతం, ప్రయాణం, ఫోన్ ఖర్చు ప్రాజెక్ట్ అమలు ఖర్చు కింద రాయండి. ఊళ్ళో వాలంటీర్లుగా పనిచేసే ఆడవాళ్ళకి "గుర్తింపు సర్టిఫికెట్" కాకుండా రోజు కూలి ఇవ్వండి, సర్వేకి వచ్చిన రోజు ఆమె పొలం పని పోగొట్టుకుని వస్తోంది.

4. ప్రాజెక్టులు మూడేళ్ళకి తక్కువ కాకుండా ఇవ్వండి. సీఎస్‌ఆర్ రూల్స్‌లో ఆన్‌గోయింగ్ ప్రాజెక్ట్ అనే ఏర్పాటు ఉంది, మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ళ వరకు నడపొచ్చు, ఆ ఏడాది మిగిలిన డబ్బుని విడిగా అన్‌స్పెంట్ అకౌంట్‌లో పెట్టుకోవచ్చు. మార్చిలోపు ఖర్చైపోవాలని మమ్మల్ని పరిగెత్తించాల్సిన పనిలేదు.

5. ఇంపాక్ట్ అసెస్‌మెంట్‌తో పాటు ఏడాదికోసారి ప్రజల ముందు లెక్క చెప్పే సభ పెట్టాలి, సోషల్ ఆడిట్ పద్ధతిలో. ప్రాజెక్ట్‌కి ఎంత వచ్చింది, దేనికి ఎంత అయింది, మాకు ఎంత, ట్రైనర్‌కి ఎంత, హోటల్‌కి ఎంత, అన్నీ తెలుగులో చదవాలి. మీరు వచ్చి కూర్చోవాలి, వేదిక మీద కాదు, జనంతో పాటు చాప మీద. సర్కారుని లెక్క అడగమని మాకు ట్రైనింగ్ ఇస్తున్న వాళ్ళు తమ లెక్క చెప్పడానికి వెనకాడకూడదు కదా.

6. ఇండికేటర్లలో, అంటే మార్పు వచ్చిందో లేదో కొలిచే గుర్తుల్లో, సగం ఊరు పెట్టుకునేవి ఉండాలి. ఒక ఊళ్ళో ఆడవాళ్ళు "బోరింగ్ దగ్గర గొడవలు తగ్గితే మాకు మార్పు వచ్చినట్టు" అన్నారు, అది మీ లాగ్‌ఫ్రేమ్‌లో (ప్రాజెక్ట్ లక్ష్యాలు, కొలతలు గడుల్లో రాసే పట్టికలో) పట్టలేదు. ఆ లాగ్‌ఫ్రేమ్ 1969లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ తన ప్రాజెక్టులు చూసుకోవడానికి చేయించుకున్నది, దేవుడు ఇచ్చింది కాదు, ఒక గడి పెంచితే పాపం రాదు. ఫిర్యాదులు, కేసులు బయటపడటాన్ని మొదటి రెండేళ్ళు ఫెయిల్యూర్‌గా లెక్కపెట్టద్దు.

7. ట్రైనింగ్ సబ్జెక్టులు మార్చండి. లీడర్‌షిప్, స్టోరీటెల్లింగ్ చాలు. మాకు కావాల్సింది సమాచార హక్కు దరఖాస్తు పకడ్బందీగా రాయడం. దరఖాస్తు తెలుగులో ఇవ్వొచ్చని, మన రాష్ట్ర రూల్స్ ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసుల్లో ఫీజు లేదని, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 అని, 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకి పోవాలని జనంలో చాలామందికి తెలీదు. 2(జె) సెక్షన్ కింద పని జరుగుతున్న చోటికి పోయి చూడొచ్చు, వాడిన మెటీరియల్ శాంపిల్ కూడా తీసుకోవచ్చు, ఈ ఒక్కటి నేర్పితే ఊళ్ళో రోడ్డు కాంట్రాక్టర్ జాగ్రత్త పడతాడు. ఇంకా ఎం-బుక్ చదవడం, పంచాయతీ బడ్జెట్ చదవడం, నీటి బడ్జెట్ వెయ్యడం, బడి ఈడు పిల్లల రిజిస్టర్ ఊరి స్థాయిలో పెట్టడం. ఎంవీ ఫౌండేషన్ వాళ్ళు రంగారెడ్డి జిల్లాలో 1990ల్లో మొదలుపెట్టి బడి బయట ఉన్న ప్రతి బిడ్డనీ బాల కార్మికుల కిందే లెక్కపెట్టారు, పేరు పేరునా వెంటపడ్డారు. అట్లాంటి పని చేసినవాళ్ళని ట్రైనర్లుగా తీసుకురండి, తెలుగులో చెప్పగలిగినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు.

8. మీ మీద ఫిర్యాదు చెయ్యాలంటే ఒక ఫోన్ నెంబర్, తెలుగులో మాట్లాడే మనిషి. ఫిర్యాదు చేసిన సంస్థకి మళ్ళీ ఏడాది ఫండ్ ఆపం అని రాతపూర్వకంగా హామీ. ఈ లేఖలో మా సంస్థల పేర్లు ఎందుకు లేవో మీకు అర్థమయ్యే ఉంటుంది.

సాటి చిన్న సంస్థల వాళ్ళకి కూడా ఒక మాట అనాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. మనలో కొందరు ఫోటో కోసం మీటింగ్ పెట్టేవాళ్ళు, ఒకే సంతకాల షీట్‌ని మూడు ప్రాజెక్టులకి జిరాక్స్ తీసేవాళ్ళు ఉన్నారు. ఫండర్ అనుమానపడటానికి మనం ఇచ్చిన కారణాలు ఇవి. మన ఆఫీసు గోడ మీద మన బడ్జెట్ రాద్దాం, వోచర్లు ఎవరు అడిగినా చూపిద్దాం. మన దగ్గర దాపరికం పెట్టుకుని పైవాళ్ళని పారదర్శకత అడిగితే చెల్లదు. ఈ పని మేం కొన్ని మండలాల్లో మొదలుపెట్టాం, వచ్చి చూడొచ్చు.

"స్కేల్ చెయ్యాలి, ఊరికో పద్ధతి అంటే కుదరదు" అని మీ వైపునుంచి జవాబొస్తుందని తెలుసు. పొదుపు సంఘాలు ఈ రాష్ట్రంలో లక్షల్లో ఉన్నాయి, ప్రతి సంఘానికీ ఒకే రకం పుస్తకాలు, కానీ ఎంత పొదుపు, ఎవరికి ముందు అప్పు, వడ్డీ ఎంత అని ఆ సంఘమే తీర్మానం రాసుకుంటుంది. అంతకంటే పెద్ద స్కేల్ మీ దగ్గర ఉంటే చూపించండి, నేర్చుకుంటాం.

ఉగాది లోపు జవాబు ఇవ్వమని అడుగుతున్నాం, మేం అడిగినవాటిలో దేనికి ఒప్పుకుంటారు, ఏది కుదరదు, ఎందుకు కుదరదు అని పాయింట్ల వారీగా, తెలుగులో. వచ్చిన ప్రతి జవాబునీ మా గ్రామసభల్లో చదువుతాం. రాకపోతే వచ్చే ఆర్థిక సంవత్సరం నుంచి తెలుగు లేని ఫారాలు మేం నింపం, ఊరికి కాపీ ఇవ్వని సర్వేకి మా వర్కర్లు ఇల్లు చూపించరు. దీనివల్ల కొన్ని ప్రాజెక్టులు పోతాయని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం. మాట్లాడదామంటే ఏ మండలానికైనా రండి, హోటల్ హాల్ అక్కర్లేదు, పంచాయతీ ఆఫీసు చాలు, భోజనం సంఘం వాళ్ళు పెడతారు.

ఇట్లు,
మండల స్థాయి స్వచ్ఛంద సంస్థల ఫీల్డ్ వర్కర్లు,
అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు